ఐదు పాయింట్ రెండు పక్కన మూడు

చచ్చిన రొయ్య కంపు ముమ్మిడివరం దాటి చెరువుల దారి పట్టగానే కారులోకి వచ్చేసింది. అద్దాలు ఎక్కించే ఉన్నాయి, ఏసీ తిరుగుతూనే ఉంది, డ్యాష్‌బోర్డు మీద మల్లెపూల సెంటు సీసా ఒకటి తన పని తాను చేస్తూనే ఉంది. అయినా కంపు ఆగలేదు. పైగా మల్లెపూలూ చచ్చిన రొయ్యా కలిసి, విడివిడిగా ఏదీ పుట్టించలేని రోత ఒకటి పుట్టించాయి. సాయిదుర్గ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, పొద్దున్న తిన్న పెసరట్టు ఎక్కడ బయటికొస్తుందోనని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కారు నడుపుతున్న ఆంజనేయప్రసాద్‌కి మాత్రం ఏ కంపూ తగిలినట్టు లేదు. కూనిరాగం తీస్తున్నాడు. అమలాపురంలో సెల్‌ఫోన్ల షాపు మేడమీద నలుగురితో నడిచే కంపెనీకి అతను యజమాని. ‘చెరువుకన్ను’ అని ఒక బాక్సు అమ్ముతాడు. ఆ బాక్సు పంపే అంకెలను అందుకునే ప్రోగ్రాం రాసింది సాయిదుర్గ. రాజోలు దగ్గర పుట్టి, కాకినాడలో ఇంజనీరింగు చదివి, ఇంటికి దగ్గరగా ఉంటుంది కదా అని రెండేళ్ళ కిందట ఈ మేడ ఎక్కింది.

చెరువులో కర్ర పాతి దానికి బాక్సు బిగిస్తారు. అందులోంచి ఒక తీగ నీళ్ళలోకి దిగి ఉంటుంది. పది నిమిషాలకోసారి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి, లోపలున్న సిమ్ కార్డు ద్వారా అమలాపురం సర్వర్‌కి పంపుతుంది. అక్కణ్ణించి అంకె రైతు ఫోన్లోకి వస్తుంది. నాలుగు కంటే తగ్గితే ఫోను గొల్లుమని మోగుతుంది. వెంటనే ఏరేటర్లు, అంటే చెరువు నీళ్ళను చిలికి గాలి కలిపే మోటారు చక్రాలు, వేసుకోవచ్చు. గట్టు మీద పడిగాపులు పడక్కర్లేదు, ఎక్కడో విందులో పులిహోర తింటూ చెరువు చూసుకోవచ్చు అని ఆంజనేయప్రసాద్ ప్రతి మీటింగులోనూ ఊదరగొడతాడు.

కాశీవిశ్వనాథం గారు అక్షరాలా ఆ పనే చేశారు. ఆయనకి కొబ్బరి తోటలున్నాయి, వరి పొలాలున్నాయి, అయిదు రొయ్యల చెరువులున్నాయి. మంగళవారం మధ్యాహ్నం ఆయన కొత్తపేటలో ఎవరిదో గృహప్రవేశం భోజనాల దగ్గర ఉండగా, మూడో చెరువులో మూడు నెలలు పెంచిన రొయ్య మొత్తం తేలిపోయింది. ఇంకో పది రోజుల్లో పట్టాల్సిన పంట. ఫోను మోగలేదు. ఫోన్లో అంకె కూడా అయిదు పైనే ఉంది.

అక్కణ్ణించి ఆయన లెక్క సూటిగా సాగింది. ఆక్సిజన్ అయిదుంది. అయిదున్న నీళ్ళలో రొయ్య చావదు. చచ్చిందంటే ఎవరో నీళ్ళలో మందు కలిపారు. ఆ పూట గట్టు మీద ఉన్నది ఒక్క కుమారస్వామి. పంతొమ్మిదేళ్ళుగా ఆ చెరువులు కనిపెట్టుకుని ఉన్న మనిషి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర చేపల వేటకెళ్ళే కుటుంబంలో పుట్టినవాడు, బుధవారం పొద్దెక్కేసరికి ఊళ్ళో ‘మందు పెట్టినోడు’ అయిపోయాడు. పక్క చెరువుల దగ్గర రొయ్య ఏరడానికి వెళ్ళిన అతని భార్య భూలక్ష్మిని ఇక రావద్దని పంపేశారు. పోలీసులకి ఇవ్వడానికి ఫిర్యాదు కూడా రాసి పెట్టుకున్నారు కాశీవిశ్వనాథం గారు. ఆక్సిజన్ బాగానే ఉందని కంపెనీ వాళ్ళు సంతకం పెట్టిన కాగితం ఒకటి దానికి జోడిస్తే చాలట. ఆ కాగితం ఇవ్వడానికే ఈ ప్రయాణం.

ఇదంతా సాయిదుర్గకి కారెక్కాకే తెలిసింది. రెండు రోజులు సెలవు పెట్టి ఇంటికెళ్ళి ఆ ఉదయమే వచ్చింది. మేడ మెట్లు ఎక్కనివ్వకుండా, ఒక సంతకం పని ఉందండీ అని ఆంజనేయప్రసాద్ కారెక్కించేశాడు. రీడింగు ఎంతుందని అడిగితే, అయిదు పైన ఉందండీ, మన బాక్సుకేం దిగులు లేదండీ అన్నాడు. దిగులు లేదన్నప్పుడు అతని మొహంలో కనిపించిన సంబరం చూస్తే ఆమెకి ఒళ్ళు జలదరించింది. అక్కడ ఒక మనిషి కొంప కూలుతుంటే ఇతనికి బాక్సు నిలబడిందన్న ఆనందం.

గట్టు మీద కారు దిగగానే ఈగలు ముసిరాయి. మూడో చెరువు పక్కన గొయ్యి తీసి రొయ్యని కుప్ప పోసి పైన సున్నం చల్లారు. చల్లిన సున్నం సరిపోలేదు. తెల్లటి పొర కింద గులాబీ రంగు తిరిగిన రొయ్యలు ఉబ్బి, జిగురు కారుతూ, కుప్ప అంచునుంచి జారుతున్నాయి. కాకులు కూడా ఒక ముక్క పొడిచి వదిలేస్తున్నాయి. సాయిదుర్గ చెప్పు కింద ఏదో చితికింది. ఏమిటో చూడకుండా గడ్డికి రాసుకుంది.

కాశీవిశ్వనాథం గారు కొబ్బరిచెట్ల నీడన ప్లాస్టిక్ కుర్చీలో, సెంటు కొట్టిన జేబురుమాలు ముక్కుకి ఆనించుకుని కూర్చున్నారు. దూరంగా మోటారు షెడ్డు దగ్గర కుమారస్వామి నిలబడి ఉన్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. తువ్వాలు నడుముకి కట్టుకుని, చేతులు రెండూ ముందు పట్టుకుని, పిలిస్తే వద్దాం అన్నట్టున్నాడు. ఎవరూ పిలవడం లేదు. ముక్కుకి ఏదీ అడ్డం పెట్టుకోనిది ఆ గట్టు మీద అతనొక్కడే.

కాశీవిశ్వనాథం గారు జరిగింది చెప్పారు. మూడు రోజులుగా ముసురు. ఎండ లేదు. ఎండున్న పగటిపూట నీళ్ళలో నాచే ఆక్సిజన్ ఇస్తుంది కనక ఏరేటర్లు ఆపేస్తారు, అదే అలవాటున ఆ రోజూ ఆపే ఉన్నాయి. ఒంటిగంటకి కుమారస్వామి ఫోను చేశాడు, నీళ్ళ రంగు మారింది, వాసన తేడాగా ఉంది, ఏరేటర్లు వేస్తానని. ఆయన ఫోన్లో చూసుకుంటే అయిదు పాయింట్ నాలుగు. అక్కర్లేదన్నారు. రెండుంపావుకి మళ్ళీ చేశాడు, రొయ్య గట్టుకొచ్చేస్తోందని. అప్పుడూ చూసుకున్నారు, అప్పుడూ అయిదు పైనే. ఆయన మాట లేకుండా స్విచ్చి ముట్టుకోకూడదని బాక్సులు పెట్టిన రోజే షరతు. అయినా మూడింటికి తనంతట తనే వేసేశాడట. తప్పు చేసి కప్పిపుచ్చుకోవడానికి కాకపోతే ఎందుకు వేస్తాడని కాశీవిశ్వనాథం గారి ప్రశ్న.

“బాక్సు అయిదుందంటావుంటే నీ ముక్కు మాట నమ్మమంటావేటని అడిగేనమ్మా. తప్పా?” అన్నారాయన.

సాయిదుర్గ తప్పో ఒప్పో చెప్పకుండా ఆ అంకె చూపించమంది. ఆయన ఫొటో తీసి దాచుకున్నారు, పోలీసులకి చూపించడానికి. మూడో చెరువు, రెండు గంటల పధ్నాలుగు నిమిషాలు, 5.23.

ఆమె ఫోను వెనక్కి ఇవ్వలేదు. ఇంకోసారి చూసింది. నీళ్ళలో దిగే ఆ తీగకి చుక్క తర్వాత ఒక్క అంకె చెప్పడమే వచ్చు. అయిదు పాయింట్ రెండు అంటుంది, లేదా అయిదు పాయింట్ మూడు అంటుంది. అంతకన్నా సన్నంగా కొలిచే చేవ దానికి లేదు. మరి ఈ చివరి మూడు ఎక్కణ్ణించి వచ్చింది?

ఎక్కణ్ణించి వచ్చిందో తెలియగానే చెవులు వేడెక్కాయి. అది చెరువు నెంబరు. బాక్సు పంపే మాటలో ముందు చెరువు నెంబరు, తర్వాత రెండు చుక్కలు, తర్వాత ఆక్సిజన్. మూడో చెరువైతే 3:5.2 అని వస్తుంది. సిగ్నల్ లేకపోతే బాక్సు మాటలన్నీ దాచుకుని, సిగ్నల్ రాగానే ఒక్క గుక్కలో పంపేస్తుంది. అప్పుడవి ఒకదాని వెనక ఒకటి అంటుకుని వస్తాయి, 3:5.23:4.93:4.6 అని, మధ్యలో ఖాళీ లేకుండా. సర్వర్లో ప్రోగ్రాం, వచ్చినదంతా ఒకే మాట అనుకుంటుంది. మొదటి రెండు చుక్కల తర్వాత అంకె ఉన్నంతవరకూ చదువుతుంది. 5.23 అని చదివి, రెండో చోట రెండు చుక్కలు తగలగానే ఆగిపోయి, మిగిలినదంతా చెత్తబుట్టలో పారేస్తుంది. పారేసిన దాంట్లో ఏముందో ఎవరికీ అక్కర్లేదు. పైగా చదివినదానికి, అది వచ్చి చేరిన టైము వేస్తుంది. అంటే కాశీవిశ్వనాథం గారు రెండుంపావుకి చూసింది ఎప్పటిదో పాత అంకె, దాని తోకకి తర్వాతి మాట తల అంటుకుని. ఒంటిగంటకి చూసిన అయిదు పాయింట్ నాలుగు, సిగ్నల్ పోకముందు వచ్చిన ఆఖరి అంకె.

ఆ చదివే ముక్క రాసింది తనే. ఏడాదిన్నర కిందట రెండు సాయంత్రాలు కూర్చుని రాసింది. ఆఫీసులో బల్ల మీద నాలుగు బాక్సులు, నాలుగు ప్లాస్టిక్ బకెట్లు, గోడకి వైఫై. అక్కడ ప్రతి మాటా విడిగా బుద్ధిగా వచ్చేది. ఇది చూపించడానికే పనికొస్తుందని ఆమెకి అప్పుడే తెలుసు. ఆంజనేయప్రసాద్‌ని కూర్చోబెట్టి చెప్పింది. సాకెట్లోంచి, అంటే బాక్సుకీ సర్వర్‌కీ మధ్యనున్న కనెక్షన్లోంచి, వచ్చేది మాటలు కాదండీ, అక్షరాల ధార అంతే. ఎక్కడ ఒక మాట అయిపోయిందో దానికి తెలీదు. రెండు అంటుకుని రావచ్చు, ఒకటి రెండు ముక్కలై రావచ్చు. ప్రతి మాట చివరా ఒక ముగింపు గుర్తు పెట్టాలి. ఇవతల ఆ గుర్తు దొరికేదాకా చదవాలి, మిగిలిన ముక్క దాచి తర్వాత వచ్చేదానికి అతికించాలి. బాక్సుల్లో కూడా మార్చాలి, వారం పని.

ప్రతి వాక్యానికీ అతను, అలాగేనండీ అన్నట్టు, “ఆయ్” అన్నాడు. ఏడెనిమిది ఆయ్‌లు. అంత మర్యాదగా, అంత శ్రద్ధగా వినే యజమాని దొరికినందుకు ఆమె ఆ రోజు మురిసిపోయింది. ఆ వారం ఎప్పుడు ఇస్తాడా అని ఎదురుచూసింది. ఆ వారం రాలేదు. ఆ నాలుగు బాక్సులూ అరవై చెరువులకి పాకాయి. రెండుసార్లు గుర్తుచేసింది, రెండుసార్లూ ఆయ్ అన్నాడు. మూడోసారి ఆమె అడగలేదు. అడగకుండా జీతం మాత్రం తీసుకుంటూ వచ్చింది. గొయ్యిలో కంపు ఒక ఎత్తు, ఇది గుర్తొచ్చినప్పుడు గొంతులోకి వచ్చిన చేదు ఒక ఎత్తు.

ఆమె కర్ర దగ్గరికెళ్ళి బాక్సు విప్పింది. లోపల చిన్న మెమరీ కార్డు ఉంటుంది, కొలిచిన ప్రతి అంకె టైముతో సహా అందులో పడుతుంది. లాప్‌టాప్‌లో పెట్టి చూసింది. పన్నెండింటికి 5.2. పన్నెండూ పదికి 4.9. పన్నెండూ ఇరవైకి 4.6. ఒంటిగంటకి 3.4. ఒకటిన్నరకి 2.8. రెండూ పదికి 1.9. చెరువు కేకేసి చెబుతూనే ఉంది. రెండూ పధ్నాలుగుకి ఒక్క నిమిషం సిగ్నల్ వస్తే పధ్నాలుగు మాటలూ ఒక్క గుక్కలో చెప్పేసింది. వినేవాడు మొదటి మాట విని, అయిపోయిందనుకుని లేచిపోయాడు.

ఆంజనేయప్రసాద్ ఆమె భుజం మీదుగా చూశాడు. వెంటనే లాప్‌టాప్ మూత సగం దించి, మర్యాదగా, ఒకసారి ఇలా వస్తారా అండీ అని కారు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ చెప్పాల్సినదంతా చెప్పాడు. వచ్చే వారం మలికిపురంలో రైతుల మీటింగు ఉంది. ఇప్పుడు ఇది బయటపడితే అరవై బాక్సులూ పీకి మన మొహాన కొడతారు. కాగితంలో అబద్ధం రాయమనడం లేదు. ‘మంగళవారం రెండూ పధ్నాలుగుకి రైతు ఫోన్లో 5.23 కనిపించింది’ అని ఒక్క వాక్యం రాయండి. కనిపించిన మాట నిజమే కదా. మిగిలినది ఎవరూ అడగలేదు.

సాయిదుర్గ అతని మొహం వైపు చూసింది. నున్నగా గీసుకున్న గడ్డం, విభూది బొట్టు, కళ్ళలో బోలెడంత సానుభూతి. సర్వర్ చేసిన పనే ఇతనూ చెయ్యమంటున్నాడు. మొదటి ముక్క చదివి మిగిలినది పారెయ్యమంటున్నాడు. సర్వర్‌కి తెలీక చేసింది.

“ఇలా అవుతుందని ఏడాదిన్నర కిందటే చెప్పేను కదండీ. మీరు ఆయ్ అన్నారు.”

“ఆయ్. అన్నానండీ.” అతను చిన్నగా నవ్వాడు. “మీరు చెప్పింది విన్నానని అన్నాను. చేస్తానన్నానా?”

 పుట్టి పెరిగిన భాషే, రోజుకి వందసార్లు వినే మాటే, అయినా అతని నోట్లో దాని అర్థం ఆమెకి ఇన్నాళ్ళకి తెలిసింది. ఆయ్ అంటే చెవిదాకా చేరిందని మాత్రమే. లోపలికి వెళ్ళిందని కాదు, ఒప్పుకున్నానని కాదు, చేస్తానని అసలే కాదు. దాన్ని మాట ఇచ్చినట్టు లెక్కేసుకుని కూర్చున్న తెలివితక్కువది తనే.

అతను ఇంకో మాట కూడా వదిలాడు, అదీ మెత్తగానే. ఆ చదివే ముక్క రాసింది మీరే కదండీ, పేరు బయటికొస్తే మీ పేరే వస్తుందండీ, ఆడపిల్ల, రేపు ఇంకోచోట ఉద్యోగం చూసుకోవాలి. జిగురు కారే రొయ్యని చేత్తో పట్టుకున్నట్టయింది సాయిదుర్గకి. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కారు ముందుకి వచ్చేసింది.

కాశీవిశ్వనాథం గారి ఎదురుగా నిలబడి, షెడ్డు వైపు తిరిగి, కుమారస్వామి గారూ మీరూ రండి అని పిలిచింది. గారు అన్న మాట విని కాశీవిశ్వనాథం గారి కనుబొమలు లేచాయి. కుమారస్వామి నాలుగడుగులు వేసి, కుర్చీకి కొంత దూరంలో ఆగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. బాక్సు సరిగ్గానే కొలిచిందండీ.

“ఆయ్, అదే కదా నేను చెప్పేది,” అని కాశీవిశ్వనాథం గారు వెంటనే ఫిర్యాదు కాగితం తీశారు.

ఆమె ఇంకా అవలేదంది. కొలిచింది సరిగ్గా, పంపింది సరిగ్గా, మా దగ్గర సాకెట్లోంచి చదవడంలో తప్పు జరిగింది. ఆయన ఆయ్ అన్నారు. సాకెట్టంటే ప్లగ్గు పెట్టేదే కదా, కరెంటు హెచ్చుతగ్గులు వచ్చేయా అని అడిగారు. కాదండీ అని ఆమె ఎదురుగా కనిపిస్తున్న పంటకాలువ చూపించింది. ఎగువన నలుగురు నాలుగు బిందెలు పోస్తే, దిగువన ముంచుకునేవాడికి ఎవరి బిందె ఎక్కడ అయిందో తెలీదు కదండీ, ఈ అంకెలూ అంతే, ఎక్కడ తెగాలో మేము గుర్తు పెట్టాలి, పెట్టలేదు. దానికీ ఆయన ఆయ్ అన్నారు. ఆయన కళ్ళు కాగితం మీదే ఉన్నాయి, వేలు సంతకం పెట్టాల్సిన చోటు మీద ఉంది.

అప్పుడామె లాప్‌టాప్ తెరిచి ఆయన ఒళ్ళో పెట్టింది.

“ఆయ్ అనకండి బాబాయిగారూ. దీంట్లో ఉన్నది పైకి చదవండి. టైముతో సహా.”

అలా ఆయన్ని ఎవరూ ఆజ్ఞాపించి ఉండరు. ఆంజనేయప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. కాశీవిశ్వనాథం గారు జేబురుమాలు దించి, కళ్ళజోడు పెట్టుకుని, బడిపిల్లాడిలా ఒక్కో వరసా చదివారు. పన్నెండు, అయిదు పాయింట్ రెండు. పన్నెండూ పది, నాలుగు పాయింట్ తొమ్మిది. ఒంటిగంట దగ్గర గొంతు నెమ్మదించింది. ఒకటిన్నర దగ్గర ఆగి ఆమె వైపు చూశారు. ఆమె చదవమంది. రెండూ పది, ఒకటి పాయింట్ తొమ్మిది.

“ఇప్పుడు మీరు ఫోన్లో చూసింది ఎన్నింటిదో చెప్పండి.”

ఆయన వేలు పైవరసకి వెళ్ళింది. “పన్నెండింటిది.”

“పక్కనున్న మూడు?”

“చెరువు నెంబరు.”

“ఒంటిగంటకి ఈయన మీకు ఫోన్ చేసినప్పుడు చెరువులో ఎంతుంది?”

“మూడు పాయింట్ నాలుగు,” అన్నారు. ఇంకేమీ అడక్కుండానే, ఎవరితోనో కాకుండా చెరువు వైపు చూస్తూ, “అప్పుడేసేస్తే బతికేది,” అన్నారు.

 ఈగలు తమ పని చేసుకుంటున్నాయి. కుమారస్వామి ముక్కు ఒంటిగంటకి చెప్పినదే బాక్సు కూడా ఒంటిగంటకి చెప్పింది. వద్దన్నది ఎవరో ఆ గట్టు మీద నలుగురికీ తెలుసు. ఆ మాట కాశీవిశ్వనాథం గారి నోటి వెంట వస్తుందేమోనని సాయిదుర్గ చూసింది. పంతొమ్మిదేళ్ళు, రెండు రోజుల నింద, భూలక్ష్మిని తరిమేసిన గట్లు. ఒక్క మాట చాలు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, జేబులో పెట్టుకున్నారు. ఫిర్యాదు కాగితాన్ని చింపలేదు. నాలుగు మడతలు పెట్టి అదే జేబులో, కళ్ళజోడు పక్కన దాచుకున్నారు. దాన్ని చూస్తే ఆమెకి గొయ్యిని చూసినప్పటికంటే ఎక్కువ అసహ్యం వేసింది.

ఊళ్ళో కూడా ఈ సంగతి చెప్పాలండీ అందామె. ఆయన ఆయ్ అన్నారు. ఆ ఆయ్ ఎంత చేస్తుందో ఇప్పుడామెకి తెలుసు. అందుకని ఆయన చెప్పినా చెప్పకపోయినా తను రాయబోయే కాగితం ఒకటి పంచాయతీ ఆఫీసులో ఇస్తాననీ, కార్డులో ఉన్న అంకెలన్నీ దాంట్లో ఉంటాయనీ, బాక్సులున్న మిగతా చెరువుల వాళ్ళందరికీ ఈ రోజే ఫోన్లు చేసి చెబుతాననీ అంది. వెనక కారు తలుపు పడిన చప్పుడైంది. ఆంజనేయప్రసాద్ ఇంజను వేసి, చెరువు చుట్టూ తిప్పుకుని, ఆమె కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. మల్లెపూల సెంటు పీడ వదిలింది.

సాయిదుర్గ కుమారస్వామి దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా నిలబడింది.

“అంకె తప్పుగా చదివిన ప్రోగ్రాం రాసింది నేనేనండి. తప్పని తెలిసీ ఊరుకున్నాను. మీ మీదకొచ్చిన ఈ మాట నా వల్ల వచ్చిందే.”

కుమారస్వామి తలెత్తి ఆమెని చూశాడు. కోపం ఉందో లేదో ఆ మొహంలో ఏమీ దొరకలేదు.

“ఆయ్, అమ్మా,” అన్నాడు.

క్షమించాడా? ఆమెకి తెలీలేదు. మాట చేరింది. అంతవరకే తెలిసింది. అంతకన్నా ఎక్కువ అడిగే హక్కు తనకి లేదని కూడా తెలిసింది.

కాశీవిశ్వనాథం గారు కుర్చీలోంచి లేచి గొంతు పెంచారు. అందరి ముందూ పెద్దమనసు చూపించే గొంతు అది. “సరేలే కుమారసామీ, అయిపోయిందేదో అయిపోయింది. మనసులో ఏం పెట్టుకోకు. రేపు పొద్దున్నే వచ్చి నాలుగో చెరువు చూసుకో. అందులో రొయ్య ఇంకా చిన్నది, జాగ్రత్తగా ఉండాలి. ఇకనించి స్విచ్చి నీ ఇష్టం, నన్నడగక్కర్లేదు.”

“ఆయ్,” అన్నాడు కుమారస్వామి.

షెడ్డులోకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో టిఫిన్ క్యారేజీ ఉంది, భుజం మీద విసురువల ఉంది. ఆ వల షెడ్డు గోడకి మేకు కొట్టి వేలాడదీసి ఎన్నేళ్ళయిందో, తీసిన చోట గోడ తెల్లగా వల ఆకారంలో మిగిలింది. నడుముకున్న తాళాలగుత్తి విప్పి స్విచ్చి బోర్డు కింద మేకుకి తగిలించాడు. కాలవలో దిగి కాళ్ళు కడుక్కున్నాడు, మోకాళ్ళదాకా, రెండుసార్లు. తర్వాత గట్టెక్కి, వెనక్కి చూడకుండా, ఏటి వైపు వెళ్ళే దారి పట్టాడు.

కాశీవిశ్వనాథం గారు అతను వెళ్ళినంతసేపూ చూసి, కుదుటపడినట్టు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. జేబురుమాలు ముక్కు దగ్గరికి తీసుకున్నారు.

“నెమ్మదస్తుడమ్మా, నా మాట కాదండు. రేపొస్తానన్నాడు కదా.”

సాయిదుర్గ లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది. మేకుకి ఊగుతున్న తాళాలు ఆమెకి కనిపిస్తున్నాయి, ఆయనకి కనిపించడం లేదు.

“లేదండీ,” అంది. “ఆయ్ అన్నారు. అంతే.”